చావనన్న భటుడు

తాత సినిమాల్లో చచ్చేవాడు. అదే ఆయన ఉద్యోగం. రాకుమారుడు గుర్రం దిగి కత్తి దూశాడంటే, ఎదురొచ్చే భటుల్లో అందరికంటే ముందు నేలకొరిగేది తాతే. ఒక సినిమాలో మాంత్రికుడి గుహ ముందు చస్తే, ఇంకో సినిమాలో దుర్మార్గుడైన సేనాధిపతి కోసం కోట మెట్ల మీద చచ్చేవాడు. జనం చాలక ఒకే సినిమాలో గడ్డంతో ఒకసారి, గడ్డం పీకేసి మరోసారి చచ్చిన రోజులూ ఉన్నాయి. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. తాత కళ్ళు మాత్రం ఎవరూ చూడలేదు. భటుల రేకు టోపీలన్నీ ఎవరో పెద్ద తలకాయవాడి కొలతకు చేయించారట, అవి తాతకు ముక్కు దాకా జారేవి. తెర మీద ఆయనంటే ఒక నోరు, ఒక గడ్డం, అంతే.

ఆ తర్వాత మిగిలిన జీవితమంతా పరుపులు కుట్టాడు. దూది ఏకడం, గుడ్డ సంచిలో కూరడం, దబ్బనంతో కుట్లు వేయడం, బెత్తంతో బాది గడ్డలు లేకుండా సర్దడం. కొట్టులోంచి ఎప్పుడు బయటికొచ్చినా కనుబొమల మీద దూది ఉండేది.

ఆ చావులకీ ఈ పరుపులకీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. అసలు పేరు పలికితే ఆ పూట తాతకు అన్నం దిగదు కాబట్టి ఇంట్లో అందరూ అతన్ని గిరజాలు అంటారు. గిరజాలు రాకుమారుడికి డూపు. మొహం రాకుమారుడిది, వీపు గిరజాలుది. కోట గోడ మీంచి దూకేది, దీపాల గుత్తి పట్టుకుని ఊగేది, పదిమంది భటుల్ని ఒంటిచేత్తో నరికేది అంతా ఆ వీపే.

అప్పటి కత్తియుద్ధాలకు ఒక పద్ధతుండేది. డూపు పెదాలు కదపకుండా లోగొంతుకతో పిలుస్తాడు: పైన, పక్క, కాలు. ఏది పిలిస్తే దెబ్బ అక్కడికే వస్తుంది, భటుడు తన కత్తి అక్కడ అడ్డం పెడతాడు. కత్తులు చెక్కవే, మీద వెండి కాగితం అంటించేవారు. కానీ కాగితం లోపల ఉన్నది చెక్కే కదా. చివర్లో పొట్ట అని పిలుస్తాడు. అప్పుడు భటుడు ఎడమ చెయ్యి కాస్త ఎత్తి, కత్తిని చంక కిందుగా పోనిచ్చి, గట్టిగా నొక్కి పట్టుకుని చావాలి. పొట్ట అన్నాక చావకుండా నిలబడ్డ భటుడు చరిత్రలో లేడు.

ఒక రోజు గిరజాలు పక్క అని పిలిచి పైన కొట్టాడు. తాత కత్తి పక్కన ఉంది, మూతి పైన ఉంది. ముందు పళ్ళు రెండూ ఎగిరిపోయాయి. తాత పడలేదు కూడా. టోపీ ముక్కు దాకా జారి, నోరు బావిలా తెరుచుకుని, ఏం జరిగిందో తెలియనట్టు అలా నిలబడిపోయాడు. కెమెరా దాన్నంతా చక్కగా తిని కూర్చుంది.

ఫైటు మాస్టారు వచ్చి అడిగితే గిరజాలు తడుముకోకుండా, వాడే మూతి అడ్డం పెట్టాడన్నాడు. మాస్టారు నమ్మాడు. రాకుమారుడి వీపు ఒక్కటే ఉంది, భటులు గంపలకొద్దీ దొరుకుతారు. పళ్ళు లేని భటుడుంటే రాజుగారికి పరువు తక్కువని చెప్పి, తాతని మళ్ళీ రావద్దన్నారు. అక్కడితో అయిపోయినా బాగుండేది. ఆ సినిమా ఆడింది, బ్రహ్మాండంగా ఆడింది. పళ్ళు ఎగిరే ముక్క రాగానే హాలు హాలంతా ఈలలు. ఆ భటుడికి జనం పళ్ళ భటుడని పేరు పెట్టుకున్నారు. తాత టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి, తన మూతి చూసి తన పక్కవాడు పొర్లి పొర్లి నవ్వడం చూసి వచ్చేవాడు.

విచిత్రమేమిటంటే ఆ సినిమాలంటే తాతకు ఇప్పటికీ ప్రాణం. టీవీలో ఏ పాతది వచ్చినా కొట్టు మూసేసి వస్తాడు. మాయ తివాచీకి కట్టిన తాళ్ళు చూపిస్తాడు. కోట గోడ అట్టదనీ, గాలికి ఊగుతోందనీ, సింహం లోపల ఉన్నది తనతో బీడీ పంచుకున్న మనిషేననీ చెబుతాడు. అడవులన్నింటిలోనూ ఉన్నది ఒకే చెట్టని వేలెట్టి చూపిస్తాడు. ఇన్ని చెప్పి కూడా, రాకుమారుడు లోయ మీంచి దూకేటప్పుడు తాత కాళ్ళు చాప మీంచి లేస్తాయి. అంతలో ఆ వీపు కనబడుతుంది. ఇక చేతిలో రిమోటు కత్తయిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు మూతులు కాపాడుకోవాలి.

మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు తాత ప్రాణం ఆ రెండు పళ్ళలో ఉంది. నాయనమ్మకు ఇది అర్థమయ్యేది కాదు.

"ఇప్పుడు నోట్లో ఒక్కటీ లేదు, అన్నీ కట్టుడువే. ఊడిన పళ్ళన్నింటిలో ఆ రెండింటి మీదే ఏమిటండీ అంత ప్రేమ?" అనేది.

"మిగతావి పోయాయి. ఆ రెండూ పోలేదు, తీసుకున్నాడు," అనేవాడు తాత.

ఇలా ఉండగా సినిమా హాలు మేనేజరు కొట్టుకు వచ్చాడు. కుర్చీల్లో దూది అణగారిపోయింది, మళ్ళీ కూరాలన్నాడు. పాత సినిమాల వారం చేస్తున్నారట. ఈ కాలం పిల్లలు కూడా ఆ అట్ట కోటల్ని చూడ్డానికి ఎగబడుతున్నారట. మొదటి రోజు మధ్యాహ్నం ఆట ఏమిటో చెప్పగానే తాత చేతిలో దబ్బనం ఆగింది. పళ్ళ భటుడి సినిమా. ఆటకు ముందు గిరజాలు వచ్చి వేదిక మీద కత్తియుద్ధం చేసి చూపిస్తాడు. కాకపోతే ఎదురు నిలబడి చచ్చేవాడు ఒకడు కావాలి, కుర్రాళ్ళని పెట్టి చూస్తే ఒక్కడికీ పడటం రావట్లేదు, అందరూ పడేటప్పుడు నేలకు చెయ్యి ఆనించేసుకుంటున్నారని మేనేజరు వాపోయాడు.

"నేను చస్తాను," అన్నాడు తాత.

"ఈ వయసులో మీకెందుకండీ?"

"ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడయ్యా?"

మేనేజరు నవ్వి ఒప్పుకున్నాడు. తాత నవ్వలేదు.

ఆ రోజు నుంచి కొట్టులో పరుపులకు గడ్డుకాలం వచ్చింది. తాత బెత్తం పట్టి, పైన, పక్క, కాలు అని తనే పిలుచుకుంటూ, నిలబెట్టిన పరుపును చితకబాదేవాడు. బెత్తం ఎప్పుడూ పట్టేదే కాబట్టి చెయ్యి నొప్పెట్టేది కాదు. నాయనమ్మ గుమ్మంలో నిలబడి చూసి చూసి, అసలు ఏం చేద్దామని అని అడిగింది. తాత దాచలేదు. వాడు పక్క అంటాడు, నేను పైన కొడతాను, పంటికి పన్ను అన్నాడు.

"కొట్టండి. జైలుకి క్యారేజీ మాత్రం నేను మొయ్యను, మోకాళ్ళు బాగాలేవు," అని నాయనమ్మ లోపలికెళ్ళిపోయింది.

ఆట రోజు తెర వెనక గదిలో గిరజాలు కూర్చుని ఉన్నాడు. తల నున్నటి గుమ్మడికాయలా ఉంది, పేరులో తప్ప ఎక్కడా గిరజాలు లేవు. రాకుమారుడి జరీ కోటు తొడుక్కున్నాడు గానీ బొత్తాలకూ కాజాలకూ మధ్య పొట్ట పెద్దమనిషిలా కూర్చుంది. తాతని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి తాతకు అప్పుడు మొహమే లేదు కదా.

"ఏవయ్యా పెద్దాయనా, పొట్ట అనగానే పడిపోవాలి, తెలుసుగా? సాగదీయకు. నాకు ఆయాసం," అన్నాడు గిరజాలు. అక్కడితో ఊరుకోక, వెనకటికి ఒక వెధవాయి యుద్ధం మధ్యలో మూతి తెచ్చి తన కత్తికి ఆనించాడనీ, వాడి పుణ్యమా అని జనం ఇప్పటికీ నవ్వుకుంటున్నారనీ చెప్పి తను కూడా నవ్వాడు. తాత బెత్తం పట్టే చెయ్యి బిగిసింది. ఏ పన్ను మీద ఎక్కడ కొట్టాలా అని ఆ నవ్వులోకి తేరిపార చూశాడు.

అప్పుడే మేనేజరు బిస్కెట్లు పెట్టాడు. గిరజాలు నోట్లో వేళ్ళు పెట్టి పై పళ్ళ సెట్టూ కింది పళ్ళ సెట్టూ లాగి, గ్లాసులో నీళ్ళలో పడేసి, బిస్కెట్టు టీలో ముంచి చప్పరించడం మొదలుపెట్టాడు.

తాత ఆ గ్లాసు వంకే చూస్తూ ఉండిపోయాడు. నీళ్ళలో గిరజాలు పళ్ళు ఆయన్ని చూసి నవ్వుతున్నాయి. పగలగొట్టడానికి ఒక్కటి కూడా మిగల్లేదు. ఇన్నేళ్ళు కాపలా కాసిన ఇంట్లో దొంగతనం ముందే ఎవరో చేసేసినట్టయింది. తాత వేదిక మెట్లెక్కాడు. ఇక చేసేదేముంది, చచ్చి ఇంటికి పోవడమే అనుకున్నాడు.

వేదిక మీద తాత కుట్టిన పరుపే పరిచి ఉంది, ఆయన పడటానికి. మేనేజరు గిరజాలు కాలరుకు చిన్న మైకు తగిలించాడు, మధ్యమధ్యలో విశేషాలు చెబుతాడని. విగ్గు పెట్టుకోగానే గిరజాలుకు పాత పొగరు తిరిగొచ్చింది. తాత నెత్తిన రేకు టోపీ పెట్టారు, అది యథాప్రకారం ముక్కు దాకా జారింది. చెక్క కత్తులు తగిలాయి. పైన. పక్క. కాలు. మైకు సంగతి మరిచి గిరజాలు గుసగుసగా పిలుస్తుంటే హాలంతా వినబడుతోంది. పిల్లలు మురిసిపోయారు.

"పొట్ట," అన్నాడు గిరజాలు.

తాత ఎడమ చెయ్యి అలవాటుగా లేవబోయింది. లేవబోయి ఆగింది. ఇంతకాలం ఈ ఒక్క మాటకు ఎన్నిసార్లు చచ్చానురా అనుకున్నాడు తాత. కత్తి కిందకు దించి, పొట్ట మీదికొచ్చిన పోటును టక్కున పక్కకు నెట్టేశాడు.

గిరజాలు బిత్తరపోయాడు. మళ్ళీ పైన, పక్క పిలిచి, మళ్ళీ పొట్ట అన్నాడు. తాత మళ్ళీ నెట్టేశాడు. హాల్లో ఈలలు మొదలయ్యాయి.

"పొట్ట అన్నాను కదయ్యా, పడు," మైకులో గుసగుస.

"ఇవాళ వీలుపడదు."

"ఇదేం తమాషా? మొన్న మేనేజరుకి చెప్పి ఒప్పుకున్నావు కదా, చస్తానని."

"అనుకున్నాను. మనసు మారింది."

ఇప్పుడు పిలవడం తాత అందుకున్నాడు. పైన అంటే గిరజాలు చెయ్యి దానంతటదే పైకి లేచింది, కాలు అంటే కిందికి వంగింది. కుక్క కన్నా చేతికి విశ్వాసం ఎక్కువ. హాలు మొత్తం తాతతో కలిసి పిలుస్తోంది. గిరజాలుకు ఆయాసం ఈలలా వస్తోంది, విగ్గు చెవి మీదికి జారింది. తాతది దూది కొట్టిన చెయ్యి, సాయంత్రం దాకా అయినా కొట్టగలదు. పరుపు అంచు దాకా తోసుకుపోయి, తాత ఒక్క క్షణం ఆగాడు. పై పళ్ళ సెట్టు తీసి జేబులో వేసుకుని, టోపీ కింద నోరు బావిలా తెరిచి నిలబడ్డాడు.

హాలు ఒక్కసారి గొల్లుమంది. ఆ నోరు తెలియనివాళ్ళు అక్కడ లేరు. పళ్ళ భటుడు, పళ్ళ భటుడు అని కేకలు.

"ఒరేయ్, నువ్వా," అన్నాడు గిరజాలు.

"ఆ రోజు ఏం పిలిచావు?"

తాత కత్తి పైకెత్తాడు.

"పక్క," అన్నాడు గిరజాలు.

"ఏం కొట్టావు?"

"పైన." ఊపిరి అందక ఆగి, మళ్ళీ తనే అన్నాడు. "ముందు రోజు మెట్ల మీద నువ్వు చచ్చిన చావు చూసి అందరూ చప్పట్లు కొట్టార్రా. నేను నలుగుర్ని నరికా, గోడ మీంచి దూకా. నా వైపు ఒక్కడు చూడలేదు. అందుకే కొట్టా. మూతి అడ్డం పెట్టావని అబద్ధం చెప్పా."

మైకు ప్రతి ముక్కనూ చివరి వరస దాకా మోసింది. జాలిపడాలంటే అదే చోటు. తాత పడలేదు.

"పొట్ట," అన్నాడు.

గిరజాలు జీవితంలో ఎన్నడూ చచ్చి ఎరగడు. చంక ఎత్తాలని తెలియదు, మోకాలు ముందు వంచాలని తెలియదు. కత్తి పొట్టకు ఆనగానే నిండు బస్తా లారీలోంచి జారినట్టు పరుపు మీద దభీమని పడ్డాడు. తాత పైనుంచి వంగి చూసి, "చావడం కూడా రాదు వెధవకి," అని జనం వైపు తిరిగాడు. చప్పట్లు హాలు కప్పు లేచేలా మోగాయి. గిరజాలును లేపడానికి ముగ్గురు కావలసి వచ్చింది.

తర్వాత దీపాలు ఆర్పి సినిమా వేశారు. ఇద్దరినీ ముందు వరసలో పక్కపక్కనే కూర్చోబెట్టారు, ఎందుకంటే మేనేజరుకు ఇదంతా ముందే అనుకుని ఆడిన నాటకమని గట్టి నమ్మకం. అట్ట కోట ఊగింది, తివాచీ ఎగిరింది, తాత కాళ్ళు నేల మీంచి లేచాయి. పళ్ళు ఎగిరే ముక్క రానే వచ్చింది. హాలు ఎప్పటిలాగే నవ్వింది. తాత మాత్రం తెర చూడలేదు, పక్కకు తిరిగాడు. గిరజాలు చేత్తో నోరు మూసుకుని ఒదిగి కూర్చున్నాడు. అది చూసి తాత, ఆ ముక్కకు మొట్టమొదటిసారి నవ్వాడు. జేబులో పళ్ళు కూడా టకటకలాడేంతగా నవ్వాడు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ సంగతంతా విని, చెంబుతో కాళ్ళకు నీళ్ళిచ్చింది.

"హమ్మయ్య. పగ తీరిందిగా, ఇకనైనా పరుపులు సరిగ్గా కుట్టండి," అంది.

తాత కాళ్ళు కడుక్కుని, జేబులోంచి పళ్ళు తీసి నోట్లో సర్దుకుని, తీరిగ్గా అన్నాడు.

"ఎగిరిన పళ్ళు రెండు. ఇవాళ పగ తీరింది ఒకదానికే."