మూడో స్తంభం మీది ముక్కు

థార్న్‌షా టౌన్ హాల్ బంట్రోతు ఈనక్ హార్‌గ్రీవ్స్‌ను టైమెంతయిందని అడిగినా 1871 నుంచే మొదలుపెట్టేవాడు. ఆ జబ్బుకు మందు లేదని ఊరంతా ఎప్పుడో చేతులెత్తేసింది.

"మరుగుదొడ్డి ఎక్కడయ్యా?" అని ఓ పెద్దమనిషి ఒంటికాలి మీద గెంతుతూ అడిగాడు.

"1871లో పునాదిరాయి వేసినప్పుడు ఇక్కడ గుర్రాలు కట్టేవాళ్లండీ..." అని అందుకున్నాడు ఈనక్. మన గడియారపు గోపురం పక్క ఊరి గోపురం కంటే ఆరడుగులు ఎత్తుండాలని అప్పటి మేయరు అన్నం మానేసిన ఘట్టానికి వచ్చేసరికి ఎదురుగా పెద్దమనిషి లేడు.

మేడమీద జనన మరణాలు నమోదు చేసే మ్యూరియల్‌కు ఈనక్‌ను చూస్తే ఒళ్లు మండేది. మనిషిని పోగొట్టుకుని కాగితం కోసం వచ్చినవాళ్లను కూడా మెట్ల దగ్గర ఆపేసేవాడు మరి.

"ఏడుస్తూ వచ్చినవాళ్లకు నీ పురాణం దేనికయ్యా?"

"పురాణం కాదమ్మా, చరిత్ర!"

తర్వాత ఆమె భర్త స్టాన్లీ పోయాడు. రోజూ ఎక్కే మెట్లే, మళ్లీ పనికొచ్చిన ఉదయం ఆమెకు కొండలా కనిపించాయి. కాలు లేవలేదు.

"స్టాన్లీ వాళ్లది ఏ పనమ్మా?" అన్నాడు ఈనక్.

"నేత. తాతల నాటి నుంచీ."

"1871లో ఈ స్తంభాల మీద రాజుల తలలు చెక్కమన్నారు. శిల్పులు వింటేనా! మన నేతవాళ్లనే చెక్కిపారేశారు. మూడో స్తంభం చూడు. ఎడమకు వంగిన ఆ ముక్కు ఎవరిది? మీ స్టాన్లీ ముత్తాత!"

మ్యూరియల్ చూసింది. స్టాన్లీ ముక్కే. చేతికందే ఎత్తులోనే ఉంది. నిమిరి, మెల్లగా మెట్లెక్కింది. ఆ తర్వాత ఆరేళ్లు, రోజూ పొద్దున్నే ఆ ముక్కు నిమిరి పనిలోకి వెళ్లేది. ఆ రాయే లేకపోతే ఆ ఆరేళ్లు ఆమె బతికుండేది కాదు.

మొన్న ఫిబ్రవరిలో ఈనక్ పోయాడు. నా అన్నవాళ్లు ఎవరూ లేరు. ఆయన మరణం మ్యూరియలే తన చేత్తో రాసింది. రాస్తుంటే అక్షరాలు కనిపించలేదు.

సమాధి దగ్గర్నుంచి వచ్చి అందరూ టౌన్ హాల్లోనే టీ తాగుతున్నారు. మాంసం కొట్టు హిల్డా మూడో స్తంభాన్ని పట్టుకుని ఏడుస్తోంది.

"ఏంటి హిల్డా?"

"మా ఆయన ఆల్బర్ట్ ముత్తాత ఇతను. మాంసం కొట్టువాళ్లనే చెక్కారంట. ఆయన పోయినప్పుడు ఈనక్ చెప్పాడు."

"ఏం మాట్లాడుతున్నావ్? అది మా స్టాన్లీ ముక్కు!"

"అదేంటమ్మా, మా నాన్న వాళ్ల తాతైతేనూ!" అంటూ శాండ్‌విచ్ నములుతూ మూడో ఆసామి వచ్చాడు. అటు నుంచి నాలుగో ఆమె కప్పు కింద పెట్టింది. కాసేపు ఆ రాతి తలకు వారసుల తగువు జరిగింది. చివరికి తేలిందేంటంటే, అందరికీ చెప్పింది ఈనకే.

మసిపట్టిన హాలంతటిలోనూ ఆ ముక్కొక్కటే ఎందుకు నిగనిగలాడుతోందో మ్యూరియల్‌కు అప్పుడు తెలిసింది. ఆరేళ్లుగా ఎవరి ముక్కో నిమిరింది. స్టాన్లీ రెండోసారి పోయినట్టయింది.

"మా ఆల్బర్ట్‌ది అసలు చప్పిడి ముక్కు కదే," అంది హిల్డా నెమ్మదిగా. అని, ఏడుపులోనే ఫక్కున నవ్వింది.

"స్టాన్లీది వంగింది కుడికి," అంది మ్యూరియల్.

సోమవారం ఒకాయన టోపీ చేత్తో పట్టుకుని మెట్ల కింద నిలబడిపోయాడు. భార్య పోయింది. కాలు లేవడం లేదు. పైనుంచి చూసిన మ్యూరియల్ పెన్ను మూసి కిందికి దిగింది.

"మీ ఆవిడ పుట్టింటివాళ్లది ఏ పనండీ?"

"రొట్టెల బట్టీ, తల్లీ."

ఆమె గొంతు సవరించుకుంది. "1871లో ఈ స్తంభాల మీద రాజుల తలలు చెక్కమన్నారండీ. శిల్పులు వింటేనా! మన రొట్టెలవాళ్లనే చెక్కిపారేశారు. ఆ మూడోది చూడండి."

ఆయన తలెత్తి చాలాసేపు చూశాడు.

"అచ్చం మా నెల్లీ ముక్కే," అన్నాడు.

"కదూ!" అంది మ్యూరియల్.