చాట కల్పన

మానుకోటలో కల్పన ఎవరని అడిగితే, ఏ కల్పన అని ఎదురు ప్రశ్న వేస్తారు. చాట కల్పన అంటే మాత్రం కంప్యూటర్ సెంటర్ ఎటుందో చెయ్యెత్తి చూపిస్తారు. ఎగతాళికి పెట్టిన పేరే అయినా ఆమె ఎన్నడూ నొచ్చుకోలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి గురించే ఈ ముచ్చట.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బొగ్గు బావులు ఆగాయి, బడులు బందయ్యాయి, బస్సులు డిపో దాటలేదు. పొలాలకు కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ అంతుపట్టదు. తెలంగాణ రావాల్సిందే, కాదన్నదెవరు? కానీ పొట్ట మీదున్న వరి అప్పటిదాకా ఆగుతుందా? అందుకే ముగ్గురు స్నేహితులు ఒక పని నెత్తికెత్తుకున్నారు. జనగామలో సంజీవ, చెల్పూరులో దేవేందర్, మానుకోటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే కల్పన. ఏ ఊరికి కరెంటు ఏ వేళకో సబ్‌స్టేషన్‌లో కనుక్కొని, రైతుల సెల్‌ఫోన్లకు మెసేజ్ పంపే ప్రోగ్రాం ఒకటి రాశారు.

ముగ్గురి దగ్గరా ప్రోగ్రాం మొత్తం ఉంటుంది. ఎవరి కాపీలో వాళ్ళు మార్పులు చేసుకుంటారు. మెసేజ్‌లు పోయేది మాత్రం కల్పన కంప్యూటర్ నుంచే, కాబట్టి మిగతా ఇద్దరి మార్పులు ఆమె తెచ్చుకొని తన దాంట్లో కలుపుకోవాలి. తేవడం, కలపడం ఒక్క దెబ్బకు అయిపోయే కమాండ్ ఉంది, పుల్ అంటారు. కల్పన దాని జోలికి పోదు. ముందు తెచ్చి పక్కన పెడుతుంది. ప్రోగ్రాంలో ఏ వరుస పోయింది, ఏ వరుస వచ్చింది అని చదువుతుంది. తన ఫోన్‌కే మెసేజ్ పంపి చూసుకుంటుంది. ఆ తర్వాతే కలుపుతుంది. ఆ మెసేజ్‌ను నమ్మి రైతులు కరెంటు తీగల మీద చెయ్యి వేస్తారు మరి. తప్పు మెసేజ్ పోతే ప్రాణం పోతుంది.

ఆమెకు ఈ పద్ధతి తల్లి బుచ్చమ్మ దగ్గర అబ్బింది. ఎవరిచ్చిన గింజలైనా, సొంత తమ్ముడు పంపినవైనా, చాటలో పోసి చెరగందే బుచ్చమ్మ గింజలు దాచే గుమ్మిలోకి పోనిచ్చేది కాదు. "ఒక్క పురుగు గింజ వోతె గుమ్మంత కరాబైతది బిడ్డా" అనేది. చుట్టాలు ముఖం ముడుచుకున్నా సరే, చాట ఆగేది కాదు. ఈ కథ విన్న సంజీవ కల్పనకు ఆ పేరు తగిలించాడు.

దేవేందర్‌కు ఇదంతా గిట్టేది కాదు. రాస్తారోకోల్లో ముందు వరుసలో నిలబడి లాఠీ దెబ్బలు తిన్న మనిషి. తన మార్పు పొద్దంతా పక్కన పడి ఉందని తెలిసి ఫోన్‌లో అంతెత్తున లేచాడు.

"ఏందక్కా గిది? నేనేమన్న బయటోణ్ణా? నన్ను గూడ చాటల పోస్తవా?"

"మా మేనమామ గింజలే పోసినం తమ్మీ, నిన్నెట్ల ఇడుస్త?"

"ఇన్నేండ్లు పైన కూసున్నోళ్లు మనల్ని నమ్మలే. ఇప్పుడు మనోళ్లే నమ్మకుంటె ఎట్లక్కా?"

ఆ మాటకు కల్పన మనసు చివుక్కుమంది. అయినా చదవడం మానలేదు.

పొలాలకు కరెంటు ఇవ్వడానికి ఊళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పొద్దున, ఇంకో గుంపుకు మధ్యాహ్నం. ఆ వారం కొన్ని ఊళ్ళ గుంపులు మారాయి. ఆ మార్పు ఎక్కించింది కల్పనే, తన కంప్యూటర్‌లో, నేరుగా. బయటి గింజలకు కదా చాట, ఇంటి గింజలకెందుకు? అసలు ఆ ప్రశ్నే ఆమెకు తట్టలేదు. బయ్యారం అవతలి తండా ఒకటి ఉండాల్సిన పొద్దుటి గుంపులోంచి లేచి మధ్యాహ్నం గుంపులో కూర్చుంది.

ఆ తండా రైతు భోజ్యా మోటరు ముందురోజే ఆగిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు పోయింది. లైన్‌మన్ సమ్మెలో ఉన్నాడు. ఉన్న రోజుల్లో మాత్రం వచ్చి ఏం ఉద్ధరించాడు గనుక, ఫీజు వేసుకునేది ఎప్పుడూ రైతులే. కరెంటు బందు చేసే స్విచ్ విరిగి చాలా కాలమైంది. పొద్దున్నే వచ్చిన భోజ్యా ఫోన్ తీసి చూశాడు. మధ్యాహ్నం దాకా కరెంటు లేదని ఉంది. ఫీజు తీగ పట్టుకొని చెయ్యి పెట్టాడు.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. కబురు వినగానే కల్పన దేవేందర్ మార్పులు తెరిచింది. తప్పు అతనిదే అయి ఉండాలని ఆ నిమిషంలో ఆమె ఎంతగా కోరుకుందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుపడుతుంది. అతని వరుసలన్నీ సరిగ్గా ఉన్నాయి. తప్పు దొరికిన వరుస పక్కన, మార్చినవారి పేరు దగ్గర, కల్పన అని ఉంది.

దవాఖానలో మంచం పక్కన నిలబడి, "తప్పు నాదే భోజ్యన్నా" అని ఏడ్చింది.

"నీ మెసేజ్ ఎన్నడు తప్పలే చెల్లె," అన్నాడు భోజ్యా నెమ్మదిగా. "గందుకే టెస్టర్ పెట్టుడు మర్శిన. ముందుగాల పెట్టి చూస్తుంటి."

తిట్టినా బాగుండేది అనుకుంది.

ఇంటికొచ్చి తల్లిని అడిగింది. "అవ్వా, మన చేన్ల గింజలు గూడ చెరుగుతుంటివా?"

"నేనెప్పుడు చెరిగిన? గవి మీ మేనత్త చెరుగుతుండె. ఆమెయి నేను చెరుగుతుంటి. మన గింజల పురుగు మన కండ్లకు అవుపడదు బిడ్డా."

ఇన్నేళ్ళు చాట పేరు మోస్తూ తను సగం పనే నేర్చుకుంది. దేవేందర్‌కు ఫోన్ చేసింది.

"తమ్మీ, నా మార్పులు ఇగ నువ్వు తెచ్చుకో. పక్కన పెట్టు, చదువు. నువ్వు సరే అన్నంకనే మెసేజ్ పోతది."

"నిన్ను నేను చూసుడేందక్కా? నేను నమ్ముత నిన్ను."

"భోజ్యన్న గూడ నమ్మిండు."

"సరే, పంపక్కా," అన్నాడు దేవేందర్.

తండాను సరైన గుంపులో పెట్టి, ప్రతి మెసేజ్ చివర "టెస్టర్ పెట్టి చూసినంకనే చెయ్యి వెయ్యాలె" అని చేర్చి, ఆ మార్పు దేవేందర్‌కు పంపింది. పొద్దంతా జవాబు రాలేదు. కుర్చీలో నిలవలేకపోయింది. తన మార్పు ఒకరి గడప బయట పడి ఉంటే ఎట్లుంటుందో, దేవేందర్ ఎందుకు అట్లా ఎగిరిపడ్డాడో అప్పటికి అర్థమైంది. సాయంత్రం మార్పు వాపస్ వచ్చింది. కింద ఒక్క ముక్క రాశాడు.

"తండాకు కరెంటు ఏ యాళ్లకొస్తదో భోజ్యన్నను అడిగినవా అక్కా?"

సబ్‌స్టేషన్‌లో కనుక్కుంది గానీ, భోజ్యాను అడగలేదు. కల్పన కంప్యూటర్ కట్టేసి, చెప్పులు తొడుక్కొని దవాఖానకు నడిచింది.