అనసూర్య మనసులో ఏముండె

సిరిసిల్లలో హనుమండ్లు ఇల్లెక్కడ అని అడిగితే, ఏ హనుమండ్లు అని ఎదురడుగుతారు. ఎట్లెరుక హనుమండ్లు అంటే మాత్రం బండి దిగి మరీ దారి చూపిస్తారు. ఎవరేం చెప్పినా "నీకెట్లెరుక?" అనడం ఆయన అలవాటు. ఈసారి ఎండలు ముదురుతాయంటే నీకెట్లెరుక. ఫలానావాడు మంచోడంటే నీకెట్లెరుక. దేవుడున్నాడన్నవాణ్ని వదల్లేదు, లేడన్నవాణ్నీ వదల్లేదు. కొందరు నవ్వుకునేవారు, కొందరు తిట్టుకునేవారు. అయినా పొద్దుగూకి ఆయన టైలర్ పరశురాములు దుకాణం అరుగు మీద కూర్చున్నాడంటే నలుగురూ చుట్టూ చేరేవారు.

ఈ పిచ్చి ఆయనకు సాంచాల షెడ్డులో పట్టుకుంది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అవి నడుస్తుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. మాట్లాడే దారి లేనివాడు ఏం చేస్తాడు, ఆలోచిస్తాడు. తోటివాళ్లు పిల్లల పెళ్లిళ్ల గురించో రాత్రి కూర గురించో ఆలోచించుకుంటుంటే, ఈయన మాత్రం అసలు నిజమంటే ఏమిటి అని కూర్చున్నాడు. చిన్నతనంలో వాడకట్టులో తత్వాలు పాడే ముసలాయన ఒకడుండేవాడట. కనబడ్డదల్లా నమ్మకు, విచారించి చూడు అని చెప్పాడట. ఆ మాటే పట్టుకుని ఈయన జుట్టు నెరిసేదాకా విచారించాడు. ఆయన చెప్పేది కష్టమైనదేం కాదు. తెగిన పోగుల్ని ఏరిపారేసినట్టు తప్పుడు మాటల్ని ఒక్కొక్కటే తీసేస్తూ పోతే, ఆఖరుకు చేతిలో మిగిలేదే నిజం. ఆయన ఇది విడమరిచి చెబుతుంటే పరశురాములు కుట్టుమిషన్ ఆపి వినేవాడు. వినడానికి బాగుండేది మరి, అబద్ధమెందుకు.

అయితే ఇంట్లో అనసూర్య ఉంది. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే మనిషి. పెళ్లయిన కొత్తలో ఆమెది ఆగని నోరు. మొగుడు గడపలో కాలు పెట్టగానే మొదలుపెట్టేది. మీ చెల్లె మనసు కష్టపెట్టుకున్నదయ్యా అనేది. నీతోటి అన్నదా అని ఈయన అడిగేవాడు. అనలేదు, మొఖం చూస్తే తెల్వదా అనేది ఆమె. మొఖం చూసి తెలుసుకునేది నిజం కాదు, అది నీ ఊహ అని ఈయన నెమ్మదిగా చెప్పేవాడు. కసురుకోలేదు, చెయ్యెత్తలేదు. ప్రేమగానే చెప్పాడు, అదే ఖర్మ. తన భార్యకూ విచారించడం రావాలని ఆయన ఆశ. ఆమెకు అది రాలేదు గానీ, ఆయనతో చెప్పకుండా ఉండటం మాత్రం వచ్చింది. కొన్నాళ్లకు తిన్నవా, పన్నవా, నల్లా వచ్చిందా అనే మాటలు తప్ప ఆ ఇంట్లో ఇంకేం మిగల్లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని ఆయన సంతోషించాడు. ఇంతకన్నా తెలివితక్కువ సంతోషం ఇంకోటుంటుందా!

పోయిన చలికాలం ఒకనాడు ఆమె చాట పక్కకు పెట్టి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఎన్నేళ్లయిందో అట్లా కూర్చుని.

"ఏమయ్యా, నాకొకటి అనిపిస్తుంది" అంది.

"అనిపించుడు వేరు, ఉన్నది వేరు" అన్నాడు హనుమండ్లు, నవ్వుతూనే.

ఆమె కూడా నవ్వింది. నిజమే గదా అనుకుంటూ లేచి మళ్లీ చాట ముందేసుకుంది. ఏమనిపించిందో ఆయన అడగలేదు. ఎండలు మొదలవుతుండగా ఆమెకు జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తగ్గకపోయేసరికి కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

మూడో దినం పిట్టకు పెట్టడానికి మానేరు ఒడ్డుకు పోయారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి పక్కన నిలబడతారు. కాకి వచ్చి ముట్టిందంటే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక ఉండిపోయినట్టు. అప్పుడు దగ్గరివాళ్లు ఆ కోరికేదో పైకి చెప్పి, తీరుస్తామని మాటివ్వాలి. హనుమండ్లు ఊరివాళ్ల చావుల్లో దీన్ని చాలాసార్లు వెక్కిరించాడు. కాకి ఆకలైతే వస్తుంది, మందిని చూస్తే భయపడుతుంది, మధ్యలో సచ్చినోళ్ల కోరికలేంది అనేవాడు. ఆ మాట తప్పని ఎవరూ చూపించలేకపోయారు. ఇప్పటికీ అది తప్పు కాదు.

విస్తట్లో ఏమేం పెట్టాలో కూడా ఆయనకు తెలియలేదు. గోదావరి ఒడ్డున లక్సెట్టిపేటలో కాపురముండే బిడ్డ వనజే చెప్పింది, చాపల పులుసు, సర్వపిండి, గిలాసలో చాయ అని. అన్నీ పెట్టి అందరూ దండాలు పెట్టుకుని నిలబడ్డారు. కాకులు రానైతే వచ్చాయి. కరెంటు తీగ మీద వరసగా కూర్చుని చూశాయి గానీ, ఒక్కటీ కిందికి దిగలేదు. పెద్దపల్లి నుంచి వచ్చిన అనసూర్య తమ్ముడు లక్ష్మణ్, వనజకు తల్లిగారిల్లు లేకుండ చేయం అక్కా, నువ్వు రా అని మొక్కాడు. వనజ, నేను మంచిగనే ఉన్న అవ్వా, ఫికర్ పెట్టుకోకు అని ఏడ్చింది. కాకులు కదల్లేదు. చాయ మీద మీగడ కట్టింది. ముసలమ్మలు ఒకరి మొఖాలొకరు చూసుకున్నారు.

లక్ష్మణ్ బావ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"బావా, ఇగ నువ్వే చెప్పాలె. అక్క మనసుల ఏముండెనో నీకు గాక ఇంకెవలకెరుకైతది?"

అప్పుడు విచారించాడు హనుమండ్లు. జీవితంలో అంత విచారణ ఎన్నడూ చేసి ఉండడు. నగ మీద ఆశ ఉండెనా? ఎన్నడూ అడగలేదు. తీర్థం పోవాలనుకున్నదా? అన్నట్టు గుర్తు లేదు. ఒంట్లో బాగాలేదని చెప్పబోయిందా? తన మీద కోపముండెనా? ఒక్కదానికీ ఆధారం లేదు. ఒక్కొక్కటే తీసేస్తూ పోయాడు, ఆయనకు బాగా వచ్చిన విద్యే కదా అది. ఆఖరుకు చేతిలో ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్లు ఒక్క కప్పు కింద బతికిన ఆడమనిషి మనసును ఒడ్డున నిలబడి లెక్కగట్టి కనుక్కుందామనుకున్నాడు. ఎంత ఆలోచిస్తే మాత్రం దొరుకుతుందది! ఆమె చెబితే తెలిసేది. చెప్పడానికే వచ్చి కూర్చుంది పాపం. ఏందే, ఏమనిపిస్తుంది అంటే సరిపోయేది.

అందరూ ఆయన నోటివంకే చూస్తున్నారు. ఎదురుగా బిడ్డ ఏడుస్తోంది. ఆ మొఖం చూసి నోటికొచ్చింది అనేశాడు.

"అనసూర్యా, వనజ తాన నాలుగొద్దులు ఉండొస్త అన్నవు. నేనే తోల్కపోలే. తప్పైంది. నీ బూడిద ఆడ గోదావరిలనే కలుపుత. రావే."

అంటూనే దుఃఖం ఆగక వెనక్కి తిరిగి రోడ్డు వైపు నడిచాడు. ఆయన్ని పట్టుకోవడానికి లక్ష్మణ్ నడిచాడు, వాళ్ల వెనక మిగిలినవాళ్లూ కదిలారు. విస్తరి దగ్గర ఎవరూ లేకపోయేసరికి ఒక కాకి దిగి చాప ముక్క అందుకుంది. దాని వెనక మిగతావన్నీ దిగాయి.

ముట్టింది, ముట్టింది అని ఆడవాళ్లు చేతులు జోడించారు. లక్ష్మణ్ బావను గట్టిగా పట్టుకుని ఏడ్చాడు, అక్క తన మనసుల మాట నీకైన చెప్పుకున్నది బావా అంటూ. పరశురాములు కళ్లు తుడుచుకుని, ఎంతైనా ఆలోచన తెలిసిన మనిషి అన్నాడు పక్కవాడితో. కాకి ఎందుకు దిగిందో అక్కడున్నవాళ్లలో హనుమండ్లు ఒక్కడికే తెలుసు. ఆయన లక్ష్మణ్ వీపు నిమిరాడు.

ఇంటికొస్తుంటే ఆటోలో వనజ ఆయన పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాపూ, నాకు ఇన్నొద్దులు ఒక్కటే పరేషాను. మీరిద్దరు ఒక్కింట్ల ఉండి కూడ ముచ్చట్లే లేకపాయె అని. అవ్వ ఎవలతోటి చెప్పుకోకుంటనే పోయిందనుకున్న. నీతోటి చెప్పుకున్నదన్నట్టు. నా దగ్గరికి రావాలె అన్నదా నిజంగ?"

"అన్నది బిడ్డా."

"ఇంకేమనేది?"

హనుమండ్లు బయటకు చూశాడు. అట్లా చూస్తూనే చెప్పడం మొదలుపెట్టాడు. నీకు మొదటిసారి జడేసిన సంగతి ఎప్పుడూ తీసేదన్నాడు. నువ్వు పెళ్లయి వెళ్లిననాడు రాత్రంతా నిద్రపోలేదని చెప్పిందన్నాడు. నీ మొగుడు మంచోడని, నీ చేతి కూర తనకన్నా బాగుంటదని అనేదన్నాడు. ఒక్కటి కూడా ఆయన విన్నది కాదు. చెబుతుంటే చెబుతుంటే, ఇవన్నీ అనసూర్య నోటితో వింటే ఎంత బాగుండేదో అని ఆయనకు అనిపించింది. వనజ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తూ, ఇంకా చెప్పు బాపూ, ఇంకేమనేది అని ఇల్లు వచ్చేదాకా అడుగుతూనే ఉంది.