రెండడుగుల చెరువు

మా ఇంటికి అక్వేరియం వచ్చేనాటికి భీమవరం చుట్టూ వరిచేల కన్నా చెరువులే ఎక్కువగా కనిపించేవి. బస్సులో, బడిలో, ఆదివారం ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర, ఎక్కడ విన్నా రొయ్యల కబుర్లే. చేపలంటే మా వాళ్ళకు కాటా మీదివి, లేకపోతే పులుసులోవి. అందుకే రాజమండ్రి నుంచి ఐదు గోల్డ్ ఫిష్‌లున్న నీళ్ళ కవరు ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చిన నన్ను మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది.

"పులుసుకి పనికిరాని చేపల్ని ఇంటికి మోసుకొచ్చిన మగాడు ఈ జిల్లాలో మీరొక్కరేనండి," అంది.

ఆ చేపలు మా అమ్మాయి కోసం. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. నేను వారమంతా ఎలిమెంటరీ స్కూల్లో లెక్కలు, ఆదివారం పొద్దున సంఘంలోని పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి. ఆ నెల పాఠం సృష్టి. ఐదో రోజున దేవుడు నీళ్ళను జీవులతో నింపాడని చెబుతుంటే మా అమ్మాయి లేచి, "ముందు ఏ రంగు చేపని చేశాడు నాన్నా?" అని అడిగింది. నాకు తెలియదు. తెలియనిదాన్ని దగ్గర నుంచి చూద్దామనే కోరిక నాకూ పుట్టింది. దాని కోసం అని చెప్పాను గానీ, సగం నా కోసమే.

అద్దాల పెట్టె రెండడుగుల పొడవు, అడుగు లోతు. అడుగున తెల్ల గులకరాళ్ళు పరిచి, మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు అంచుదాకా నింపి, గాలి పంపు తగిలించి, ఆ సాయంత్రమే చేపల్ని వదిలేశాం. మా అమ్మాయి వాటికి ఐదుగురు ప్రవక్తల పేర్లు పెట్టింది. ఆ పేర్లు ఇక్కడ రాయను. తర్వాత జరిగింది తలుచుకుంటే ఆ ప్రవక్తల ముందు నాకింకా మొహమాటంగానే ఉంటుంది.

రోజూ అన్నాలు కాగానే మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉండేది. మా అమ్మాయి తన వంతు వచ్చినప్పుడు చేపల్ని ఒక్కొక్కటే పేరు పెట్టి పిలిచి, "వీళ్ళందర్నీ చల్లగా కాపాడు ప్రభువా," అని ప్రార్థించేది.

ఆదివారం సాయంత్రం మా ఇంట్లోనే గృహకూటం. ఇరవై మంది దాకా వచ్చేవారు. అందుకని శనివారం మా ఇంట్లో దులపనిదీ కడగనిదీ ఉండేది కాదు. చాపలు ఉతకడం, బల్ల మీది గుడ్డ మార్చడం, గుమ్మం కడగడం మా ఆవిడ పని. అక్వేరియం నా పని. చేపల్ని బేసిన్‌లోకి తీసి, పెట్టె ఖాళీ చేసి, గులకరాళ్ళకు బ్లీచింగ్ పట్టించి, తళతళా మెరిసేదాకా తోమేవాణ్ణి. అద్దాన్ని తడి న్యూస్‌పేపరుతో రుద్ది, మళ్ళీ కుళాయి నీళ్ళు పట్టేవాణ్ణి. దేవుని పేరున కూడుకునే చోట మరక ఉండకూడదని నా పట్టింపు. ఆదివారం వచ్చినవాళ్ళు పెట్టె చుట్టూ మూగేవారు. మా సంఘ పెద్దగారైతే, "నీళ్ళున్నాయో లేవో కూడా తెలీట్లేదు బ్రదర్!" అని మెచ్చుకున్నారు.

మంగళవారం ఒక చేప వెల్లకిలా తేలింది.

కనకాంబరం మడిలో గొయ్యి తీసి పాతిపెట్టాం. మా అమ్మాయి నన్ను ప్రార్థన చెయ్యమంది. చేశాను.

"రోజూ అడిగాం కదా నాన్నా. మరి ఎందుకు చచ్చిపోయింది?"

"దేవుని చిత్తం అమ్మా," అన్నాను.

తర్వాతి శనివారం మరింత శ్రద్ధగా తోమాను. మంగళవారం రెండోది. ఆపై వారం కూడా అంతే, మంగళవారమే మూడోది. మూడుసార్లూ నా జవాబు ఒకటే. మూడోసారి మా అమ్మాయి అడక్కపోయినా నేనే చెప్పాను. ఆ సాయంత్రం ప్రార్థనలో తన వంతు వచ్చినప్పుడు కళ్ళు తెరిచి చాప వైపు చూస్తూ కూర్చుంది.

"చెప్పమ్మా," అంది వాళ్ళమ్మ.

"నాన్న చెప్పేస్తాడులే."

పదేళ్ళుగా ఊళ్ళోని పిల్లలకు ప్రార్థన నేర్పిన వాణ్ణి. నా కూతురు నా ఎదురుగానే మానేస్తోంది. మిగిలిన రెండు చేపలూ పోతే ఇక అడగడం వృథా అని అది తీర్మానించుకుంటుంది. గద్దించి చెప్పించడం నాకు చేతకాలేదు, అలా చెప్పించేది ప్రార్థన కూడా కాదు.

కానీ లెక్కల మాస్టార్ని కాబట్టి ఒక సంగతి మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది. అన్నీ మంగళవారమే ఎందుకు? ఆ రెండూ పైకొచ్చి నీటి అంచున నోళ్ళు తెరుస్తున్నాయి. రొయ్యల చెరువుల వాళ్ళు ఇలాంటిది చూస్తే ఏం చేస్తారో నాకు తెలుసు. నీళ్ళు ల్యాబుకి పట్టుకెళ్తారు. అప్పట్లో మా ఊళ్ళో మందుల షాపులకు పోటీగా ఉండేవి ఆ ల్యాబులు. బుధవారం పొద్దున బడికి వెళ్తూ సోడాసీసాలో అక్వేరియం నీళ్ళు పట్టుకుని ఒక ల్యాబు మెట్లెక్కాను. నా ముందు ఐదారుగురు రైతులు బురద కాళ్ళతో, నాలాగే సీసాలతో ఉన్నారు.

నా వంతు వచ్చింది. ల్యాబతను తలెత్తకుండా రాసుకుంటూ అడిగాడు.

"ఎన్నెకరాలండి?"

"రెండడుగులండి."

"లోతు కాదండి, చెరువెంత?"

"పొడవేనండి. లోతు అడుగే."

తలెత్తాడు. "సీడ్ ఎంత వేశారు? పిల్లలెన్ని?"

"ఐదు."

"ఐదు వేలా?"

"ఐదేనండి. ఇప్పుడు రెండున్నాయి."

వెనకున్న రైతొకాయన పగలబడి నవ్వాడు. "అయితే పట్టుబడి దగ్గరికొచ్చేసినట్టేనండోయ్, వల పంపించమంటారా?"

ల్యాబతనూ నవ్వాడు గానీ, నీళ్ళు మాత్రం ఎకరాల చెరువువి చూసినట్టే చూశాడు. చిన్న గాజుగొట్టంలో పోసి, రెండు మందులు చుక్కలు చుక్కలుగా వేశాడు. పసుపుగా ఉంటే మంచిదట. మావి చూస్తుండగానే చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి.

"అమ్మోనియా. బాగా ఉంది. చేప వదిలిన మురికేనండి ఇది. ఎన్నాళ్ళకోసారి కడుగుతున్నారు?"

"ప్రతి శనివారం. బ్లీచింగ్‌తో," అన్నాను కాస్త గొప్పగానే.

అతను పెన్ను కింద పెట్టేశాడు. "మాస్టారూ, కొత్త చెరువు తవ్విన రోజే ఎవరైనా సీడ్ వేస్తారా? నీళ్ళు పెట్టి, వాటిలో నాచు పెరిగి రంగు వచ్చేదాకా ఆగుతారు కదా. ఇదీ అంతేనండి. ఆ గులకరాళ్ళని పట్టుకుని కంటికి కనపడనివి కొన్ని బతుకుతాయి. ఈ మురికిని తినేవి అవే. మీరు శనివారం శనివారం వాటిని చంపేస్తున్నారు. మంగళవారానికి విషం పేరుకుపోతోంది."

"మరి శుభ్రం?"

"చేపకి కావాల్సిన శుభ్రం వేరండి. రాళ్ళు ముట్టుకోకండి. రోజూ పావు వంతు నీళ్ళు మాత్రం మార్చండి, ఈ ఆకుపచ్చ తగ్గేదాకా. అదైనా కుళాయి నీళ్ళు బకెట్లో పట్టి, ఒక రోజంతా ఎండలో పెట్టాక. మున్సిపాలిటీ వాళ్ళు కలిపే బ్లీచింగ్ ఎగిరిపోతుంది. మేత చిటికెడు చాలు."

బడికి నడుస్తుంటే నాలో నేనే పాఠం అప్పజెప్పుకున్నాను. మూడో రోజున నీళ్ళు ఒక చోట చేరాయి. నాలుగో రోజున సూర్యుడు. ఐదో రోజున చేపలు. నీళ్ళకీ చేపలకీ మధ్య ఒక రోజు ఎండ ఉంది! ఎన్నో ఏళ్ళుగా వేళ్ళ మీద లెక్కపెట్టి నేర్పుతున్న వరుసే. ఆ వరుస ఎందుకలా ఉందని ఒక్కసారీ అడగలేదు. సంతోషంతో నడక వేగం పెరిగింది. కానీ బడి గేటు చేరేలోపే ఆ సంతోషం చల్లారింది. నా చేత్తో చేసినదాన్ని మూడుసార్లు దేవుని చిత్తం అన్నాను, అదీ ఆ పిల్లతో.

ఆ సాయంత్రం ప్రార్థనకు ముందే చెప్పేశాను. "చేపల్ని చంపింది దేవుడు కాదమ్మా. నేను. తెలీక చేశాను."

మా అమ్మాయి నా చేతుల వైపు చూసింది. "మరి దేవుడిదని ఎందుకు చెప్పావు?"

"తెలీదని చెప్పడానికి సిగ్గేసింది."

ఆ వేళా అది తన వంతు వదిలేసింది. మర్నాడూ అంతే.

శనివారం రాళ్ళు ముట్టుకోలేదు. ఆదివారానికి నీళ్ళు పల్చటి గంజిలా మసకబారాయి. అద్దానికి లోపల జిగురు పట్టింది. మా ఆవిడ పెట్టె మీద దుప్పటి కప్పేద్దామంది. వద్దన్నాను. పెద్దగారు వస్తూనే ఆగి, "ఏంటి బ్రదర్, ఈ వారం వీళ్ళకి స్నానాల్లేవా?" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆవిడ మొహం ఎర్రబడింది.

పాటలయ్యాయి, వాక్యమయ్యింది. చివర్లో పిల్లల ప్రార్థనలు. మా అమ్మాయి దాటవేస్తుందనుకుని పక్క పిల్లాడు మొదలుపెట్టబోయాడు. ఇంతలో అదే గట్టిగా అందుకుంది.

"ప్రభువా, చేపల సంగతి నువ్వు చూసుకుంటావు. మా నాన్న చేతులు మాత్రం పెట్టెలో పెట్టకుండా కాపాడు. ఆమేన్."

ఇరవై గొంతులూ ఆమేన్ అన్నాయి. పెద్దగారి గొంతు అన్నిటికన్నా గట్టిగా వినిపించింది.

మంగళవారం బడి నుంచి ఇద్దరం ఒకేసారి ఇల్లు చేరాం. చెప్పులు విప్పకుండానే పెట్టె దగ్గరికి పరిగెత్తింది. రెండూ అడుగున తలకిందులుగా నిలబడి గులకరాళ్ళను పొడుస్తున్నాయి. చాలాసేపు చూశాక అడిగింది.

"ఆ మూడిటి సంగతి దేవుడికి చెప్పావా నాన్నా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"క్షమించాడమ్మా."

"మరి చేపలో?"

లేఖనాల్లో వెతికి చెబుతానన్నాను. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.