మడుగులో నాయన పళ్లు

నాయన రిటైరై ఇంట్లో కూర్చున్నాక అమ్మకు ఊపిరాడకుండా పోయింది. తెల్లారి లేస్తే ప్రతి దానికీ ఒక సలహా. అందుకే ఒక ఆదివారం ఇద్దరినీ శేషాచలం అడవిలోని వాగు చూపించడానికి తీసుకెళ్లాను. రెండు ఒడ్లా ఏరుమద్ది చెట్లు, మధ్యలో తేట నీళ్లు. రక్షిత అడవి కాబట్టి గేటు దగ్గర నుంచి ఫారెస్టు గార్డు మా వెంటే వచ్చాడు. దారిపొడవునా అతను చెప్పింది ఒకటే: ఏదీ తీసుకుపోకూడదు, ఏదీ వదిలిపోకూడదు, నీళ్లలో కాలు పెట్టకూడదు.

వాగు మడుగు కట్టిన చోట ఒడ్డున కూర్చుని చిత్రాన్నం తిన్నాం. అందులోని శనగ్గింజ ఒకటి నాయన కట్టుడు పళ్ల కింద ఇరుక్కుంది. గార్డు అటు తిరగ్గానే ఆయన బండ మీద వంగి, పళ్లు తీసి నీళ్లలో జాడించాడు. అవి కాస్తా జారి మడుగులో పడ్డాయి.

"నా పల్లు!" అని బోసినోటితో కేకేశాడు.

నేను చెప్పులు విడిచాను. గార్డు చేయి అడ్డం పెట్టాడు.

"దిగగూడదు మేడమ్. సేపలు గుడ్లు పెట్టే కాలం."

"అయితే ఈడే వదిలేసి పోదామా?"

"యాడ వదిలేస్తారు? అది ప్లాస్టిక్ గదా!"

అనేశాక తన ఇరకాటం తనకే అర్థమై తల గోక్కున్నాడు. పై ఆఫీసరును అడుగుదామంటే ఫోనుకు సిగ్నల్ లేదు. నాయన కోపంగా ఏదో అన్నాడు. గాలి తప్ప మాట రాలేదు.

"సామి ఏమంటా ఉండాడమ్మా?"

"నాకూ తెలీలేదప్పా. రవ్వంత సేపు ఇట్లే ఉండనీ" అంది అమ్మ, మద్దిచెట్టుకు ఆనుకుని హాయిగా కాళ్లు చాపుతూ.

ఆఖరికి గార్డే ఒక దారి కనిపెట్టాడు. "కాలు గదా దిగగూడదు, కర్ర దిగొచ్చు" అని బండ మీద బోర్లా పడుకున్నాడు. నేను అతని బెల్టు పట్టుకున్నాను. కెలగ్గా కెలగ్గా పళ్లు అంచుకు వచ్చాయి. తీరా చూస్తే లోపల చిన్న ఎండ్రకాయ.

నాయన దాన్ని దులపబోయాడు.

"ఆగు సామీ! దాన్ని ముట్టుకోగూడదు. దానంతట అదే పోవల్ల."

పళ్లను తడిబండ మీద పెట్టి నలుగురం చుట్టూ కూర్చున్నాం. ఎండ్రకాయ ముందుపన్ను మీదికెక్కి, మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికి దూరింది. ముందు అమ్మ నవ్వింది. తర్వాత గార్డు. చివరికి నాయన కూడా, బోసినోరు దాచుకోవడం మరిచిపోయి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. ఆ సందడికి బెదిరిందేమో, ఎండ్రకాయ నీళ్లలోకి జారుకుంది.

ఉడకబెట్టనిదే వాటిని నోట్లో పెట్టుకోనని నాయన సైగలతో తేల్చి చెప్పాడు. పళ్లను జేబురుమాలులో చుట్టుకుని, గేటు దగ్గరి కొట్లో గార్డుకు టీ ఇప్పించి, తాను బన్ను నానబెట్టుకుని తిన్నాడు.