పసుపు దారం కట్టిన హార్డ్ డిస్క్

దయ్యాలను నేను నమ్మను. ఇది రాస్తున్న ఈ పూట కూడా నమ్మను. ఆదోనిలో పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లు బాగు చేస్తున్నాను. "దానంతట అదే ఆన్ అవుతాంది, దాంట్లో ఏదో ఉందన్నా" అని ఎవరైనా తెచ్చిస్తే విప్పి చూస్తాను. బల్లి ఉంటుంది, లేదంటే దుమ్ము ఉంటుంది. అంతకు మించి ఏదీ ఇంతవరకు దొరకలేదు.

అందుకే ఎమ్మిగనూరులో సరోజక్క ఇంట్లో జరిగింది ఎవరికి చెప్పినా "నువ్వు సరిగ్గా చూసుండవులే" అంటారు. నేనూ అలాగే సర్దిచెప్పుకోవాలని చూశాను. కుదరలేదు.

సరోజక్కది నేత కుటుంబం. ఇంట్లో రెండు మగ్గాలు. భర్త వీరేశన్న చీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసేవాడు. చదివింది ఏడో తరగతి. పాత విండోస్‌లో మాత్రమే నడిచే ప్రోగ్రామ్ ఒకటి పట్టుకుని, తనంతట తానే కుస్తీపట్టి నేర్చుకున్నాడు. పోయినేడు దసరా అయిన నెలకు గుండెపోటుతో పోయాడు. గీసినవన్నీ ఆ హార్డ్ డిస్క్‌లోనే ఉండిపోయాయి. ఇంకో కాపీ ఎక్కడా లేదు.

ఆయన పోయాక ఆ కంప్యూటర్‌ను ఎవరూ ముట్టలేదు. ఇప్పుడొక వ్యాపారి ఆయన గీసిన రుద్రాక్ష అంచు కావాలన్నాడు. సోమవారం లోపల చూపిస్తే ఏడాది పొడుగునా పని ఇస్తాడు. లేకపోతే మగ్గాలు ఆపేసి తల్లీకూతుళ్లు బెంగళూరుకు కూలిపనికి పోవాల్సిందే. కూతురి చదువుకేమో కొత్త విండోస్ కావాలి. కాబట్టి ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్ ఒకటి వేసి దాంట్లో కొత్తది, పాత డిస్క్‌లో పాతది, ఆన్ చేయగానే ఏది కావాలో అడిగేటట్టు పెట్టాలి. శనివారం మధ్యాహ్నం పోయాను. గంటన్నర పని.

క్యాబినెట్ విప్పితే పాత డిస్క్‌నూ దాని కేబుల్‌నూ కలిపి పసుపు దారం చుట్టి ఉంది. ఆయుధ పూజకు మగ్గాలకు కట్టినట్టే వీరేశన్న దీనికీ కట్టాడు. కొత్తదాంట్లో విండోస్ ఎక్కించేటప్పుడు, పొరపాటున పాతదాని మీద ఎక్కకుండా, పాత డిస్క్ కేబుల్ పీకేయాలి. మా పనిలో అది మొదటి జాగ్రత్త. దారం తెంచబోయాను.

"వద్దప్పా, దాన్ని ముట్టద్దు," అంది సరోజక్క. "ఆయన సేత్తో కట్టినాడు. మళ్ళ దసరాకు కొత్తది కట్టేదాకా పాతది తీయం మేము."

నేను వాదించలేదు. మా నాయన కూడా తన కుట్టుమిషన్‌కు కట్టిన దారం ఎవరినీ తీయనిచ్చేవాడు కాదు. పోనీ ముందు కాపీ అయినా తీసిపెట్టుకున్నానా? లేదు. జాగ్రత్తగా చేస్తే ఏం కాదులే అనుకున్నాను. నా తలకాయ!

రెండు డిస్కులూ ఒకే సైజువి. తెర మీద రెండు వరసలూ ఒకేలా కనిపించాయి. ఒకదాన్ని నొక్కి, తుడిచేసి, విండోస్ ఎక్కించాను. అంతా అయ్యాక డిస్కుల పట్టిక తెరిచి చూశాను. కొత్త విండోస్ పోయి పాత డిస్క్ మీద కూర్చుంది. ఎస్ఎస్‌డీ ఖాళీగా ఉంది. వీరేశన్న గీసినవాటిలో ఒక్కటి కూడా లేదు.

ఆ తెర ఫోటో తీసి కర్నూలులో ఉన్న స్నేహితుడికి పంపాను. పోయిన డేటా వెనక్కి తీయడమే అతని పని. "వెంటనే ఆపేసి డిస్క్ తీసుకురా. వస్తుందని మాత్రం మాటియ్యలేను," అన్నాడు. ఆపేశాను. కరెంటు వైరు కూడా పీకి నా సంచిలో వేసుకున్నాను.

సరోజక్క మగ్గం మీద ఉంది. ఎదురుగా పోయి నిలబడ్డాను.

"తప్పు చేసినానక్కా. అన్న గీసినవన్నీ పోయినాయి."

మగ్గం ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె మగ్గం మీద నుంచి లేచింది.

"పోగు తెగితే ఆయన ఎవురితోనూ మాట్లాడేటోడు కాదప్పా. ముడేసి రోంతసేపు ఊరికే కూసునేటోడు. నువ్వూ కూసో. టీ పెడతా."

వాకిట్లో కూర్చుని టీ తాగాం. కూతురు కాలేజీకి పోయింది. కంప్యూటర్ ఉన్న గదికి ఒకటే తలుపు, అది నా కళ్ల ముందే ఉంది. ఎవరూ లోపలికి పోలేదు. వైరు నా సంచిలో ఉంది, సంచి నా ఒళ్లో ఉంది.

డిస్క్ విప్పే ముందు వైరు పెట్టి ఇంకొక్కసారి ఆన్ చేసి చూద్దామనిపించింది. అలాంటప్పుడు ఆన్ చేయకూడదు, మిగిలింది కూడా చెరిగిపోవచ్చు. చేశాను.

తెర మీద రెండు పేర్లు వచ్చాయి. కొత్త విండోస్, పాత విండోస్, ఏది కావాలి అని. ఆ మెనూ నేనింకా పెట్టనే లేదు. పాతది నొక్కితే తెరుచుకుంది. వీరేశన్న ప్రోగ్రామ్, ఫైళ్లు, రుద్రాక్ష అంచు, అన్నీ ఉన్నాయి.

"ఇదేనప్పా, ఇదే!" అని సరోజక్క ఏడ్చేసింది. "పోయిందంటివే!" అని నా వీపు మీద ఒకటి వేసింది కూడా.

ముందు అన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆమె చేతిలో పెట్టాను. తర్వాత పట్టిక తెరిచాను. కొత్త విండోస్ ఎస్ఎస్‌డీలోనే ఉంది. పాత డిస్క్‌ను ఎవరూ ముట్టినట్టే లేదు. దారం ముడి కూడా అట్లే ఉంది.

తప్పు చూశానందామంటే ఫోటో ఉంది. కర్నూలు స్నేహితుడూ నేనూ దాన్ని ఎన్నిసార్లు పెద్దది చేసి చూశామో. పాత డిస్క్ పేరు, దాని ఎదురుగా కొత్త విండోస్, కింద ఖాళీ ఎస్ఎస్‌డీ. అతనికీ ఏం అంతుబట్టలేదు. ఇప్పుడు ఆ మాట ఎత్తితే విసుక్కుంటాడు.

మొన్న దసరాకు సరోజక్క పిలిపించింది. రెండు మగ్గాలూ నడుస్తున్నాయి. పాత దారం ఆమే కత్తిరించి, పసుపు రాసిన కొత్త దారం నా చేతికిచ్చింది.

"దీనికి కట్టేది ఆయనే గదప్పా. ఈసారి నువ్వు కట్టు."

డిస్క్‌నూ కేబుల్‌నూ కలిపి, ఆయన కట్టినట్టే కట్టాను. నమ్మనివాడిని కదా, ఊరికే కట్టి లేచి రావచ్చు. ముడి వేశాక "కట్టినానన్నా" అని మెల్లగా అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.