లచ్చి మడుగు బర్రె

నా చిన్నప్పుడు జరిగిన ఒక మహాగాథ చెప్తాను. అందులో లోతు తెలియని మడుగు ఉంది, మృత్యువు ఉంది, అమరత్వం సుత ఉంది. నిజం చెప్పాలంటే అంత లేదు. నాలుగో తరగతి హోంవర్కు, ఒక బర్రె, అంతే.

అమీర్‌పేటలో మా బడి పంతులమ్మ, సొంతూళ్లో ఏదైనా ఒక చోటికి ఆ పేరెట్లా వచ్చిందో రాసుకు రమ్మంది. మా ఊరి పక్కన లచ్చి మడుగు ఉందని విన్నాను గానీ ఎన్నడూ చూడలేదు. నాయనమ్మను అడిగాను. నాన్న కుట్టిన జాకెట్లకు హుక్కులు వేస్తూ చెప్పింది: లచ్చి అని ఒక బర్రె ఉండేదట. ఎండాకాలం మడుగులో దిగి మూడు రోజులు బయటికి రానన్నదట. చివరికి ఊరి పటేలే నీళ్లలో దిగి బతిమాలితే, ఆయన తలపాగా నమిలి మింగి ఒడ్డెక్కిందట. క్లాసులో చదివితే పిల్లలు పడీపడీ నవ్వారు. నా బతుకులో మొదటి చప్పట్లు అవే. చివరివీ అవేనేమో.

ఆ వారమే నాయనమ్మ వాళ్ల అన్న, పంజాగుట్టలో గుండె డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చి మా ఇంట్లో దిగాడు. చప్పట్ల రుచి మరిగాను కదా, ఆ తాత ముందు సుత బర్రెలాగా అరిచి, టవల్ నమిలి చూపించాను. ఆయన నవ్వలేదు.

"లచ్చి బర్రె కాదు బిడ్డా. మా చిన్న చెల్లె. ఏడేండ్లది. నీళ్లకు పోయి మళ్ల రాలే" అన్నాడు. నాయనమ్మ దిక్కు తిరిగి, "సిగ్గుండాలె నీకు. పోరిని బర్రెను జేస్తివా?"

నాయనమ్మ సూది ఆపలేదు. "మరేం జెయ్యాలె అన్నా? ఏడ్చుకుంట చెప్తే రెండోసారి ఎవ్వలడిగిండ్రు? మా ఆయన అడగలే, నా కొడుకు అడగలే. బర్రె అన్నంక వీడు బడి మొత్తానికి దాని పేరు చెప్పొచ్చిండు."

తాత నా చేతిలోని టవల్ తీసుకుని మడతపెట్టాడు. "తలపాగా ఎవనిది?" అన్నాడు.

"పటేల్‌ది."

"మొత్తం మింగిందా?"

"మొత్తం."

నవ్వబోయాడు, ఏడుపొచ్చింది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఎవరు ఏడుస్తున్నా మధ్యలో జోకేస్తానని అందరూ నన్ను తిడతారు. ఆ రోగం ఆ రోజు అంటిందే. కానీ నవ్వినవాళ్లు సుత మరిచిపోతారని నాయనమ్మ అనుకోలేదు. చిన్నప్పటి క్లాసువాళ్లను అడిగి చూశాను. ఒక్కరికీ బర్రె గుర్తులేదు. అయినా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లందరికీ ఆ కథ చెప్తూనే ఉంటాను. లచ్చి అనే మాట కాస్త గట్టిగా పలుకుతాను. నవ్వుతారు. లిఫ్టు వస్తుంది, పోతారు.

మడుగు పూడ్చి ప్లాట్లు చేశారు. అక్కడ నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి.